పడవ ఫ్లోర్ ప్లైవుడ్ చివికిపోకుండా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి: చిన్న పడవల్లో కాలు మోపే ప్లైవుడ్ ఫ్లోర్, దాని ఉబ్బు, దాని కుళ్ళు. అందుకని శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: మా పడవ ఫ్లోర్ మీద ప్రతి ఏడూ తప్పకుండా పెయింట్ వేస్తున్నాను. పైకి చూస్తే బాగానే ఉంది, కానీ వెనక భాగంలో కాలు పెడితే కుంగుతోంది. ఇంత చేసినా ఎందుకు చివికింది? కొత్త పలక వేసేటప్పుడు ఏం చెయ్యాలి?

జవాబు: మీరు పెయింట్ వేసింది పైన. నీళ్ళు వచ్చింది కింది నుంచి, అంచుల నుంచి, స్క్రూ రంధ్రాల నుంచి. చాలామంది పడవల్లో జరిగేది ఇదే, అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ప్లైవుడ్ అంటే పలుచని చెక్క పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా పెట్టి అతికించినది. పలక ముఖం మీద పడ్డ నీళ్ళు లోపలికి దిగడానికి సమయం పడుతుంది. కోసిన అంచు అలా కాదు, అక్కడ చెక్క నాళాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, గడ్డిమోపు చివర నీళ్ళలో పెట్టినట్టే లోపలికి లాగేస్తాయి. మధ్యలో కొట్టిన ప్రతి స్క్రూ రంధ్రం కూడా అలాంటి అంచే. పైన మీరు మంచి పెయింట్ వేస్తే, కింది నుంచి ఎక్కిన తడి పైకి ఆరిపోయే దారి కూడా మూసుకుపోతుంది. దాంతో పలక పైకి మెరుస్తూ లోపల నానుతూ ఉంటుంది.

చెక్కని తినేది శిలీంధ్రం. దానికి తడి, గాలి, ఓ మోస్తరు వెచ్చదనం, తినడానికి చెక్క కావాలి. వీటిలో మనం అదుపు చెయ్యగలిగింది తడి ఒక్కటే. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్ళు పట్టదు, 28–30 శాతం దాటితే దానికి పండగే. ఇంకో మాట, చాలామంది ఉప్పునీటికి భయపడతారు గానీ చెక్క కుళ్ళే విషయంలో వాననీరు, మంచినీరు ఎక్కువ ప్రమాదం. ఉప్పు శిలీంధ్రాన్ని కొంత అణచి ఉంచుతుంది. ఒడ్డున కవర్ కప్పి నెలల తరబడి వదిలేసిన పడవలో, ఫ్లోర్ కింద నిలిచిన వాననీటితో జరిగే నష్టం రోజూ నీళ్ళ మీద తిరిగే పడవలో జరగదు.

ఇక కొత్త పలక సంగతి. వరస చాలా ముఖ్యం. ముందు పలకని కొలతకి కోసి, పడవలో పెట్టి సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. పెట్టాల్సిన రంధ్రాలన్నీ అప్పుడే వెయ్యండి, కుర్చీ కాళ్ళవి, హాచ్ (ఫ్లోర్ కిందికి తెరిచే ద్వారం) మూతది, వైర్లు వెళ్ళేవి, అన్నీ. తర్వాత పలకని బయటికి తీసి, అంచుల పదును పోయేలా గుండ్రంగా అరగదీయండి. పదునైన మూల మీద ఏ పూత అయినా పలచబడిపోతుంది, మొదట పగిలేదీ అక్కడే. ఆ తర్వాతే పూత మొదలు. పైన, కింద, నాలుగు అంచులు, ప్రతి రంధ్రం లోపలి గోడ, ఏదీ వదలకూడదు. బిగించాక పూత వేద్దాంలే అనుకుంటే అడుగు భాగం ఎప్పటికీ మీ చేతికి అందదు.

పూతకి నా సలహా ఎపాక్సీ, అంటే రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత. పెయింట్, వార్నిష్ నీటిని ఆపుతాయి గానీ నీటి ఆవిరిని అంత బాగా ఆపలేవు, ఎపాక్సీ రెండింటినీ బాగా ఆపుతుంది. మొదటి పూత అంచులకి ధారాళంగా పట్టించండి. పది నిమిషాల్లో పీల్చుకుని పొడిగా కనిపిస్తుంది, మళ్ళీ పట్టించండి, పీల్చుకోవడం ఆగేదాకా. ముఖాలకి రోలర్‌తో రెండు మూడు పలుచని పూతలు చాలు. మనుషులు ఎక్కి దిగే చోట, బరువులు ఈడ్చే చోట పై ముఖం మీద చదరపు మీటరుకి 200 గ్రాముల బరువుండే గ్లాస్ క్లాత్ (గాజు పోగులతో నేసిన గుడ్డ) ఒక పొర ఎపాక్సీతో అతికిస్తే గీతలకి, దెబ్బలకి తట్టుకుంటుంది.

పని మొదలుపెట్టే ముందు పలక నిజంగా ఎండి ఉండాలి. తేమ కొలిచే మీటర్ ఉంటే 12 శాతం చుట్టుపక్కల చూపించాలి. మీటర్ లేకపోతే ఒక పారదర్శక ప్లాస్టిక్ షీట్ ముక్కని పలక మీద పరిచి నాలుగు పక్కలా టేపు వేసి ఒక రోజు ఎండలో వదలండి. లోపల చెమట పట్టిందంటే పలక ఇంకా తడిగా ఉన్నట్టే. తడి చెక్కకి ఎపాక్సీ వేస్తే ఆ తడిని లోపలే ఉంచి తాళం వేసినట్టు అవుతుంది, అసలేమీ వెయ్యకపోవడమే నయం.

ప్రశ్న: మెరైన్ ప్లైవుడ్ కొంటే పూత అక్కర్లేదని వడ్రంగి అంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజం కాదండీ. మెరైన్ గ్రేడ్ అంటే అందులో వాడిన జిగురు నీటికి ఊడదని, లోపలి పొరల్లో ఖాళీలు లేవని అర్థం. బీఎస్ 1088 (మెరైన్ ప్లైవుడ్‌కి బ్రిటిష్ ప్రమాణం) లాంటి ప్రమాణాలు ప్రధానంగా చూసేది ఆ జిగురునీ పొరల నాణ్యతనీ. చెక్క కుళ్ళదని దాని అర్థం కాదు. మెరైన్ ప్లైవుడ్‌లో ఎక్కువగా వాడే ఒకూమే అనే చెక్క తేలిక, అందంగా ఉంటుంది, కానీ కుళ్ళుని తట్టుకునే శక్తి దానికి తక్కువ. పూత లేకుండా తడిలో వదిలితే జిగురు గట్టిగానే ఉంటుంది, దాని మధ్య చెక్క పొడి అయిపోతుంది.

అయినా మెరైన్ గ్రేడే కొనమంటాను. మామూలు ప్లైవుడ్‌లో లోపల ఖాళీలు ఉంటాయి, నీళ్ళు ఒకచోట దూరితే ఆ ఖాళీల వెంట పాకి ఎక్కడో తేలతాయి, ఎక్కడి నుంచి వచ్చాయో కూడా మీకు తెలియదు. కొన్న పలక మీద అనుమానం ఉంటే కోతలో మిగిలిన చిన్న ముక్కని ఒక గంట మరిగే నీళ్ళలో ఉంచి, ఆరబెట్టి, ఇంకోసారి అలాగే చెయ్యండి. పొరలు విడిపోతే ఆ పలక పడవకి పనికిరాదు, అల్మరాకి వాడుకోండి.

ప్రశ్న: ఫైబర్ పనివాళ్ళ దగ్గర పాలియెస్టర్ రెసిన్, మ్యాట్ సులువుగా దొరుకుతున్నాయి. ఎపాక్సీ బదులు అవి వాడితే ఏమవుతుంది?

జవాబు: మొదట్లో ఏమీ కాదు, అదే చిక్కు. పాలియెస్టర్ ఫైబర్‌గ్లాస్ మీద బాగా పట్టుకుంటుంది, చెక్క మీద అంత గట్టిగా పట్టుకోదు. పైగా ఎండిన తర్వాత పెళుసుగా ఉంటుంది. చెక్క ఎండకి, తేమకి కొద్దిగా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది కదా, ఆ కదలికకి పొర అంచుల దగ్గర లేస్తుంది. లేచిన చోట నీళ్ళు దూరి పొరకీ చెక్కకీ మధ్య నిలుస్తాయి. తీసి చూస్తే మొత్తం పొర అప్పడంలా ఒకే ముక్కగా ఊడి వస్తుంది, కింద చెక్క నల్లగా ఉంటుంది. పాత పడవల ఫ్లోర్లు విప్పినప్పుడు ఇది తరచుగా కనిపించే దృశ్యం.

రెండు జాగ్రత్తలు చెప్తాను, ఇవి తెలియక పదార్థం పాడుచేసుకునేవాళ్ళు చాలామంది. మామూలు చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్‌లో (చిన్న ముక్కలుగా కోసిన గాజు పోగుల పట్ట) పోగుల్ని పట్టి ఉంచే బైండర్ పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవానికి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు, కాబట్టి ఎపాక్సీతో ఆ మ్యాట్ వాడకండి, నేసిన గ్లాస్ క్లాత్ తీసుకోండి. ఇక పాత పాలియెస్టర్ మీద బాగా గీరి ఎపాక్సీ వెయ్యొచ్చు గానీ, ఎపాక్సీ మీద పాలియెస్టర్ వేస్తే నమ్మకంగా పట్టదు.

ప్రశ్న: ఎపాక్సీ వేశాను. కాసేపటికి చిన్న చిన్న బుడగలు లేచాయి. మర్నాడు చూస్తే పైన మైనం రాసినట్టు జారుడుగా ఉంది. దాని మీదే వేసిన రెండో పూత గోకితే ఊడుతోంది. హార్డెనర్ కాస్త ఎక్కువ కలపాల్సిందా?

జవాబు: దయచేసి అది మాత్రం చెయ్యకండి. పాలియెస్టర్‌కి క్యాటలిస్ట్ (గట్టిపడేలా చేసే మందు) కాస్త ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుంది, ఆ అలవాటు ఎపాక్సీకి తెస్తే పని చెడుతుంది. ఎపాక్సీలో రెసిన్, హార్డెనర్ రెండూ ఒకదానితో ఒకటి కలిసి కొత్త పదార్థం అవుతాయి. డబ్బా మీద చెప్పిన పాళ్ళు తప్పితే మిగిలిపోయిన భాగం ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. డబ్బా మీద రాసిన పాళ్ళు బరువుకా, ఘనపరిమాణానికా అనేది కూడా చూడండి, రెండూ ఒకటి కావు. త్వరగా గట్టిపడాలంటే వేగంగా పనిచేసే హార్డెనర్ విడిగా దొరుకుతుంది.

బుడగల కారణం వేరు. మీరు పూత వేసింది పొద్దున పూట, ఎండ ఎక్కుతున్న వేళ అయ్యుంటుంది. చెక్క వేడెక్కుతుంటే లోపలి గాలి వ్యాకోచించి పూతలోంచి బయటికి వస్తుంది. అదే మధ్యాహ్నం వెచ్చబడిన పలకకి సాయంత్రం చల్లబడే వేళ పూత వేస్తే గాలి లోపలికి ముడుచుకుంటుంది, పోతూ పోతూ ఎపాక్సీని కూడా తనతో లాక్కుపోతుంది. డబ్బు ఖర్చు లేని ఉపాయం ఇది, అందరూ పాటించాలి.

ఆ మైనం లాంటి జిడ్డుని అమైన్ బ్లష్ అంటారు. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్‌తో హార్డెనర్ కలవడం వల్ల వస్తుంది. తిన్నర్‌తో తుడిస్తే పోదు, నీళ్ళకి పోతుంది. శుభ్రమైన నీళ్ళు, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ తీసుకుని తోమండి, తుడవండి, ఆరనివ్వండి, ఆ తర్వాతే 80 గ్రిట్ శాండ్ పేపర్‌తో గీరండి. వరస మార్చి ముందే శాండింగ్ చేస్తే ఆ జిడ్డుని గీతల్లోకి రుద్దినట్టవుతుంది. మీ రెండో పూత ఊడుతున్న చోటల్లా గీకేసి ఇలా శుభ్రం చేసి మళ్ళీ వెయ్యండి. ఇంకా సులువు కావాలంటే మొదటి పూత వేలికి అంటుకునీ అంటుకోకుండా ఉన్న దశలోనే రెండోది వేసెయ్యండి, రెండూ కలిసి ఒకటే పొర అవుతాయి, మధ్యలో గీరాల్సిన పని కూడా ఉండదు.

కలిపిన ఎపాక్సీని లోతైన డబ్బాలో ఉంచకండి, అది తనంతట తానే వేడెక్కి పొగలు కూడా రావచ్చు. వెడల్పాటి ట్రేలో పలుచగా పోసుకుంటే పనిచేసే సమయం పెరుగుతుంది. గ్లౌజులు తప్పనిసరి. కొందరికి ఎపాక్సీ అలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పట్టిందంటే సాధారణంగా జీవితాంతం వదలదు, ఆ తర్వాత కాస్త తగిలినా ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. చేతికి అంటితే తిన్నర్‌తో కడుక్కోకండి, అది దాన్ని చర్మంలోకి ఇంకా లోతుగా పంపుతుంది. పొడి గుడ్డతో తుడిచి సబ్బు నీళ్ళతో కడుక్కోండి. శాండింగ్ చేసేటప్పుడు మంచి మాస్క్ పెట్టుకోండి, పూర్తిగా గట్టిపడని ఎపాక్సీ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది.

ప్రశ్న: నాది అల్యూమినియం పడవ. చెదలు, కుళ్ళు పట్టని ట్రీటెడ్ ప్లైవుడ్ వేస్తే ఈ ఎపాక్సీ గోల ఉండదు కదా?

జవాబు: ఆగండి, కొనేశారా? కొనకపోతే కొనకండి. ట్రీటెడ్ చెక్కలో చాలా రకాలకి వాడే మందులో రాగి ఉంటుంది. రాగి, అల్యూమినియం, మధ్యలో తడి, ఈ మూడూ కలిస్తే అల్యూమినియం తినుకుపోతుంది. చెక్క బాగానే ఉంటుంది, పడవ అడుగుకి చిల్లులు పడతాయి. పెయింట్ వేసి వేరు చేస్తాం అంటారు, ఒక్క గీత పడితే చాలు, ఆ ఒక్క చోటే తినడం మొదలవుతుంది.

మందు కలపని మెరైన్ ప్లైవుడ్ తీసుకుని పైన చెప్పినట్టు అన్ని వైపులా ఎపాక్సీ వెయ్యండి. దూలాల మీద ఆనే చోట పలుచని ప్లాస్టిక్ పట్టీ పెట్టండి. స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడితే, ముఖ్యంగా ఉప్పునీటిలో తిరిగే పడవైతే, స్క్రూకీ అల్యూమినియానికీ మధ్య తుప్పు ఆపే పేస్ట్ రాసి బిగించండి.

ప్రశ్న: స్క్రూలు బిగించేటప్పుడు సిలికాన్ నింపితే నీళ్ళు ఆగవా?

జవాబు: కొన్నాళ్ళు ఆగుతాయి. సిలికాన్‌తో రెండు ఇబ్బందులు. అంచు దగ్గర కొంచెం లేస్తే నీళ్ళు లోపలికి వెళ్తాయి గానీ బయటికి రావు. ఇంకోటి, సిలికాన్ తగిలిన చోట తర్వాత పెయింటూ పట్టదు, ఎపాక్సీ కూడా పట్టదు, ఎంత తుడిచినా దాని జిడ్డు ఉండిపోతుంది. పాలీయురేథేన్ లేదా పాలీసల్ఫైడ్ సీలెంట్ తీసుకోండి. తర్వాత ఎప్పుడైనా విప్పాల్సిన చోట గట్టి పాలీయురేథేన్ వద్దు, అది జిగురులా పట్టేసి పలకని చీల్చుకుని వస్తుంది.

బరువు మోసే చోట, అంటే కుర్చీ కాళ్ళు, తాడు కట్టే కొక్కేలు, సీలెంట్ ఒక్కదాన్నే నమ్మకండి. 5 మిల్లీమీటర్ల బోల్టు పెట్టాలంటే ముందు 10 మిల్లీమీటర్ల రంధ్రం వెయ్యండి. కింద టేపు అంటించి, రంధ్రం గోడల్ని ఉత్త ఎపాక్సీతో తడిపి, ఆపైన సిలికా పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక సరిగ్గా మధ్యలో 5 మిల్లీమీటర్ల రంధ్రం వేసుకోండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది ఎపాక్సీ, చెక్క కాదు. సీలెంట్ ఎప్పుడైనా లీకైనా నీళ్ళకి తాగడానికి చెక్క దొరకదు. ఓపిక కావాలి, నిజమే, కానీ ఫ్లోర్లు చివికేది ఈ రంధ్రాల దగ్గర మొదలై కాబట్టి ఓపిక ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే.

ప్రశ్న: మా నాన్నగారి కాలంలో పడవకి అవిసె నూనె పట్టించేవాళ్ళు. అది చాలదా? వార్నిష్ సంగతేమిటి?

జవాబు: మందపాటి పలకలతో కట్టిన పాత పడవలకి ఆ పద్ధతి నడిచింది, ఎందుకంటే ఆ చెక్కే వేరు, వాటిని ప్రతి ఏడూ ఒడ్డుకి లాగి ఆరబెట్టి మళ్ళీ నూనె పట్టించేవాళ్ళు. పలుచని పొరల ప్లైవుడ్‌కి అవిసె నూనె చాలదు. అది నీటిని పూర్తిగా ఆపదు, పైగా తేమలో దాని మీద నల్ల బూజు పడుతుంది. ఒకసారి నూనె తాగిన చెక్కకి తర్వాత ఎపాక్సీ పట్టడం కష్టం, కాబట్టి ముందే నిర్ణయించుకోండి. నూనె వాడితే ఆ నూనె గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడెయ్యకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

పలకలు ఎత్తి తీసెయ్యగలిగేవి అయితే మంచి మెరైన్ వార్నిష్ న్యాయంగానే పనిచేస్తుంది. మొదటి పూత పలుచగా చేసి పీల్చుకోనిచ్చి, తర్వాత ఐదారు పూతలు, అంచులకి అదనంగా. ప్రతి సీజన్‌కి తేలిగ్గా గీరి ఒక పూత వెయ్యాలి. బిగించేసిన ఫ్లోర్‌కి ఇది నేను చెప్పను.

ప్రశ్న: ఒక మూల మాత్రమే మెత్తబడింది. తిన్నర్ కలిపి పలుచగా చేసిన ఎపాక్సీ పోస్తే లోపలికి ఇంకి గట్టిపడుతుందంటున్నారు.

జవాబు: గట్టిపడినట్టు అనిపిస్తుంది. చివికిన చెక్కకి బలం పోయింది, దాన్ని రాయిలా చేసినా చుట్టుపక్కల చెక్కతో దాని బంధం తిరిగి రాదు. పైగా తిన్నర్ ఆవిరయ్యాక ఎపాక్సీలో సన్నని రంధ్రాలు మిగులుతాయి, నీటిని ఆపే గుణమే తగ్గిపోతుంది. అలంకారానికి ఉన్న ముక్కకైతే సరే, మనిషి నిలబడే ఫ్లోర్‌కి వద్దు.

స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోర్ అంతా తట్టుకుంటూ వెళ్ళండి. బాగున్న చోట ఖణేల్‌మంటుంది, చివికిన చోట మొద్దుగా మోగుతుంది. అనుమానం ఉన్న చోట మొనతో గుచ్చండి. మెత్తదనం ఆగిన చోటి నుంచి ఇంకో 15–30 సెంటీమీటర్లు బాగున్న చెక్కలోకి వెళ్ళి కోసెయ్యండి, శిలీంధ్రం కంటికి కనిపించేదానికంటే ముందుకి పాకి ఉంటుంది. కింద దూలాలు కూడా గుచ్చి చూడండి, పైన పలక మారుస్తూ కింద చివికిన దూలాన్ని వదిలేస్తే అంత శ్రమా వృథా. మిగిలిన చెక్కకి బోరేట్ (బోరాక్స్ లాంటి లవణం) ద్రావణం పట్టించవచ్చు, అది శిలీంధ్రాన్ని చంపుతుంది. కానీ నీళ్ళకి కరిగి కొట్టుకుపోతుంది కాబట్టి పూర్తిగా ఆరాక పైన పూత తప్పదు.

ప్రశ్న: ఎపాక్సీ అయ్యాక పైన కార్పెట్ అంటిద్దామనుకుంటున్నాను. కాళ్ళకి మెత్తగా ఉంటుంది, జారదు.

జవాబు: కార్పెట్ నీళ్ళు పట్టుకుని రోజుల తరబడి వదలదు. ఎంత మంచి పూత వేసినా దాని మీద నిత్యం తడిబట్ట పరిచి ఉంచడం ఎందుకు? జారకుండా ఉండాలంటే పెయింట్ తడిగా ఉన్నప్పుడు సన్నని పొడి ఇసుక సమంగా చల్లి, ఆరాక మిగిలింది ఊడ్చి, పైన ఇంకో పూత వెయ్యండి. కార్పెట్ కావాల్సిందే అంటే అంటించకుండా పరవండి, పడవ ఒడ్డుకి రాగానే తీసి ఆరబెట్టండి.

పెయింట్ ఎలాగూ వెయ్యాలి, ఎండ తగిలితే ఎపాక్సీ పొడిపొడిగా రాలిపోతుంది. లేత రంగు వెయ్యండి, ముదురు రంగు ఎండకి బాగా వేడెక్కి కింది ఎపాక్సీని మెత్తబరుస్తుంది. కొన్ని మామూలు ఎనామెల్ పెయింట్లు ఎపాక్సీ మీద నేరుగా వేస్తే ఆరకుండా జిగటగా ఉండిపోతాయి, ఒక మూల వేసి చూసుకోండి, లేదా మధ్యలో ప్రైమర్ వెయ్యండి.

ఫ్లోర్ కింద గాలి ఆడేలా ముందొకటి, వెనకొకటి దారి ఉంచండి. దూలాల అడుగున నీళ్ళు వెనక్కి పారే రంధ్రాలు చెత్తతో మూసుకుపోయి ఉంటే పుల్లతో కెలికి తెరవండి, ఆ రంధ్రాల లోపలి గోడలకీ ఎపాక్సీ వెయ్యండి. ఫ్లోర్ కింద ఫోమ్ నింపి ఉంటే ఒక ముక్క కోసి పిండి చూడండి, నీళ్ళు కారితే ఆ ఫోమ్ అంతా తీసెయ్యాల్సిందే. తేలడానికి పెట్టిన ఫోమ్ అది, కాబట్టి తీసినంత మేర కొత్తది తప్పకుండా పెట్టాలి. ఒడ్డున పెట్టినప్పుడు ముందు భాగం ఎత్తుగా ఉంచి, వెనక డ్రెయిన్ ప్లగ్ (నీళ్ళు పోయే రంధ్రానికి ఉండే బిరడా) తీసెయ్యండి, కవర్ కింద గాలి దూరేలా మధ్యలో ఓ కర్ర నిలబెట్టండి.